వంటయింటి ఆరాధన

ఆదివారమునాడు గుడిగంట మ్రోగువేళకు ఇంటిల్లిపాదియు మందిరమునకు బయలుదేరగా, గృహిణి మాత్రము పొయ్యియొద్దనే నిలిచిపోవుట మనమెరుగనిది కాదు. అన్నము వార్చి, కూర దించి ఆమె చేరునప్పటికి మొదటి కీర్తన ముగిసియుండును. దేవుని తలచుకొనుటకైనను తనకు తీరిక లేదే యని ఆమె నొచ్చుకొనును. అట్టి సమయమున ఎవరైనను మార్త కథ ఎత్తిరా, ఆ నొప్పి రెట్టింపగును.

లూకా సువార్త 10వ అధ్యాయమునందలి ఆ కథను మేము పలుమారులు చదివితిమి. మార్త వంట చేయుట తప్పని ప్రభువు చెప్పలేదు. ఆమె మనస్సు పలువిధముల కలవరపడుటను మాత్రమే ఆయన ఎత్తిచూపెను. ఆ కలవరములోనే గదా ఆమె చెల్లెలిమీద ఫిర్యాదు చేసినది! ఆమె పొయ్యి ఆర్పివేసిన యెడల ఆనాటి అతిథుల గతి యేమి? బోధకులలో పురుషులే యెక్కువగుటచేత కాబోలు, ఈ ప్రశ్న తరచుగా వినరాదు.

ప్రభువు వంటపని నెరుగనివాడు కాడు. పరలోకరాజ్యమును పోల్చుటకు, మూడు కుంచముల పిండిలో పులిపిండిని దాచిన యొక స్త్రీని ఆయన చూపెను. మన ఇడ్లీపిండియు అట్టిదే. మినపపప్పు రుబ్బి, రవ్వ కలిపి, ఉప్పు వేసి, మూతపెట్టిన పిదప చేయి చేయవలసిన పని ముగిసినది. కంటికి కానరాని సూక్ష్మజీవులు రాత్రియంతయు తమ పని తాము చేయును. వేసవిలో పిండి గిన్నె దాటి పొంగును. పుష్యమాసపు చలిలో తెల్లవారినను కదలదు. గడియకొకసారి మూత తీసి చూచినంతమాత్రమున పొంగదని రుబ్బిన చేతికి తెలియును. ప్రార్థించి, ఫలము కొరకు తొందరపడువారు ఆ గిన్నెప్రక్కన ఒక రాత్రి గడుపవలెను.

17వ శతాబ్దమున ప్యారిస్ నగరపు కార్మెలైట్ మఠములో లారెన్స్ సోదరుడు వంటవాడుగా నుండెను. ఆయన పూర్వము సైనికుడు. వంటపనియన్న ఆయనకు స్వభావముచేతనే అయిష్టము. అయినను సుమారు 15 ఏండ్లు ఆ పనినే దేవుని ప్రేమకొరకు చేసి, ప్రార్థనవేళకును పనివేళకును తనకు భేదము లేదనెను. ఇష్టమైన పనియై యుండినచో ఆయన మాటకు మేమింత విలువ నిచ్చియుండము.

యోహాను సువార్తలో నిప్పులు రెండుచోట్ల కనబడును. చలిరాత్రి ప్రధానయాజకుని ముంగిట నిప్పులయొద్ద పేతురు ప్రభువు నెరుగననెను. పునరుత్థానానంతరము తిబెరియ సరస్సు ఒడ్డున ప్రభువు సిద్ధపరచిన నిప్పులు రెండవవి. గ్రీకు మూలమున రెండింటికిని ఒకే పదము. క్రొత్తనిబంధనలో అది మరెచ్చటను లేదు. రాత్రియంతయు శ్రమించిన శిష్యులు ఒడ్డు చేరునప్పటికే నిప్పులమీద చేపయు, రొట్టెయు ఉండెను. అది చాలదన్నట్లు, వారు పట్టిన 153 చేపలలో కొన్నింటిని కూడ తెమ్మని ఆయన అడిగెను. అందరును తిన్న తరువాతనే, తన్ను ప్రేమించుచున్నావా యని పేతురును ప్రశ్నింప మొదలిడెను.