కుర్చీలోకి వచ్చిన చరిత్రకారిణి

(ప్రసంగ పాఠం)



ఒక స్త్రీ పెద్ద పదవిలోకి రాగానే మనలో కొందరు చప్పట్లు కొడతారు, కొందరు పెదవి విరుస్తారు. "ఇంతకీ మనకేం ఒరిగింది?" అన్న ప్రశ్న మాత్రం అందరిలోనూ ఉంటుంది. ఈ ప్రశ్నను అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి 2007 నుంచి 2018 దాకా అధ్యక్షురాలిగా పనిచేసిన డ్రూ గిల్పిన్ ఫౌస్ట్ విషయంలో అడిగి చూద్దామనుకుంటున్నాను. ఆమెనే ఎందుకంటే, అధికారం చేతికొచ్చిన స్త్రీలు ఏం చేస్తారన్నది ఆమె స్వయంగా పరిశోధించిన విషయం.

ఫౌస్ట్ 1947లో పుట్టింది. పెరిగింది వర్జీనియా రాష్ట్రంలో, కలిగిన తెల్ల కుటుంబంలో. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి ఉన్న రోజులవి. తొమ్మిదేళ్ళ వయసులో, 1957లో, ఇది అన్యాయమని దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఉత్తరం రాసింది. ఇంట్లో తల్లేమో ఇది మగవాళ్ళ లోకమనీ, ఆ సంగతి ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిదనీ బోధించేది. కాలేజీలో ఉండగా 1965లో నల్లజాతివారి ఓటుహక్కు కోసం సెల్మాలో జరిగిన ప్రదర్శనకు వెళ్ళింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1975లో డాక్టరేట్ తీసుకుని, అక్కడే పాతికేళ్ళు పాఠాలు చెప్పింది. స్త్రీల అధ్యయన విభాగాన్నీ నడిపింది.

ఆమె 1996లో రాసిన 'మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్' గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది బానిస యజమానుల ఇళ్ళలోని స్త్రీల కథ అది. 500 మందికి పైగా స్త్రీల ఉత్తరాలూ డైరీలూ రచనలూ చదివి రాసింది. మగవాళ్ళు యుద్ధానికి పోయారు. పొలాలూ బానిసలూ లెక్కలూ ఈ స్త్రీల చేతికొచ్చాయి. ఇక వీళ్ళు పితృస్వామ్యాన్ని ప్రశ్నిస్తారనీ, బానిస స్త్రీల బాధ అర్థం చేసుకుంటారనీ మనం ఆశిస్తాం. ఫౌస్ట్ చూపించింది అది కాదు. బరువు మోయలేక విసిగిపోయారు, తమను కాపాడతామన్న మగవాళ్ళ మీద కోపం తెచ్చుకున్నారు. కానీ తెల్లతనం ఇచ్చిన హోదాను మాత్రం గట్టిగా పట్టుకున్నారు. మన ఊళ్ళలో దొరసానుల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

యజమానురాళ్ళకు డైరీలున్నాయి. బానిస స్త్రీలలో అత్యధికులను అక్షరం దగ్గరికే రానివ్వలేదు. కాగితం లేనిచోట మనిషి గొంతే ఆధారం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది అందుకే.

ఇక హార్వర్డ్. 1636లో పుట్టిన సంస్థ. ఆడపిల్లలకు 1879లో పక్కన విడిగా ఒక ఏర్పాటు చేశారు. అదే తర్వాత రాడ్‌క్లిఫ్ కాలేజీ అయింది. హార్వర్డ్‌లోని లామాంట్ గ్రంథాలయంలోకి 1967 దాకా ఆడపిల్లలకు ప్రవేశం లేదు. పుస్తకాలు చదివితే చాలదు, ఏ గదిలో చదవాలో కూడా మగవాళ్ళే నిర్ణయించాలి! 1999లో ఆ కాలేజీ హార్వర్డ్‌లో కలిసిపోయి పరిశోధనా సంస్థగా మారింది. 2001లో దానికి డీన్‌గా ఫౌస్ట్ వచ్చింది.

2005 జనవరిలో అప్పటి అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్, విజ్ఞానశాస్త్రాల్లో పై స్థాయిలో స్త్రీలు తక్కువ కావడానికి పుట్టుకతో వచ్చే సామర్థ్యంలో తేడా ఒక కారణం కావచ్చని ఒక సమావేశంలో అన్నాడు. ఆయనది నోరుజారిన మాటగా కొట్టిపారేయలేం. 2003-04లో అక్కడి కళలు, శాస్త్రాల విభాగంలో శాశ్వత ఉద్యోగాలకు ఎంపిక చేసిన 32 మందిలో స్త్రీలు నలుగురే. అధ్యాపకులు తిరగబడ్డారు, అవిశ్వాసం ప్రకటించారు. సంస్థ రెండు కమిటీలు వేసి, వాటిని చూసే పని ఫౌస్ట్‌కి అప్పగించింది. స్త్రీ అధ్యాపకుల నియామకాలకూ, పనిచేసే పరిస్థితులకూ పదేళ్ళలో 5 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని యాజమాన్యం చెప్పాల్సివచ్చింది. 2006లో సమ్మర్స్ దిగిపోయాడు. 2007 జూలైలో ఫౌస్ట్ 28వ అధ్యక్షురాలయింది. ముందు 27 మందీ మగవాళ్ళే. ఆమెకు అర్హత లేదని కాదు నేననేది. ఆ అర్హత కళ్ళబడడానికి పేరులేని ఎందరో అధ్యాపకురాళ్ళ గొడవ కావలసివచ్చింది.

కుర్చీలో ఏం చేసింది? 2008 ఆర్థిక సంక్షోభంలో విశ్వవిద్యాలయ నిధి సుమారు 1100 కోట్ల డాలర్లు తరిగిపోయింది. 2009 జూన్‌లో 275 మంది ఉద్యోగుల్ని తీసేశారు. నిధి తరిగినా ఇంకా 2600 కోట్లు మిగిలే ఉంది. అంత సొమ్ము పెట్టుకుని గుమాస్తాల జీతాల దగ్గర పొదుపు చేయడం నాకు మింగుడుపడదు. పరిశోధక విద్యార్థులు యూనియన్ పెట్టుకోబోతే ఆమె యాజమాన్యం వ్యతిరేకించింది. చివరికి 2018 ఎన్నికలో వాళ్ళే గెలిచారు. అదే ఏడాది పదవి దిగిన ఆమె గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు డైరెక్టర్ల బోర్డులో చేరింది. ఇవి చెప్పకుండా ఆమె గొప్పతనం చెబితే అది సన్మానపత్రం అవుతుంది.

అయితే ఒక పని చరిత్రకారిణిగానే చేసింది. హార్వర్డ్‌కూ బానిసత్వానికీ ఉన్న సంబంధాన్ని 2007 నుంచి ఒక ఆచార్యుడూ విద్యార్థులూ తవ్వుతూ వచ్చారు. పాత కాగితాల్లో అధ్యక్షుల ఇళ్ళలోనే బానిసలున్నట్టు తేలింది. ఫౌస్ట్ దాన్ని తోసిపుచ్చలేదు. 2016 ఏప్రిల్‌లో, సెల్మా ప్రదర్శనకు నాయకత్వం వహించిన జాన్ లూయిస్‌ని పిలిచి, అధ్యక్షులు ఒకప్పుడు నివసించిన వాడ్స్‌వర్త్ హౌస్ గోడకు పలక బిగించింది. 1700ల్లో ఇద్దరు అధ్యక్షుల ఇళ్ళలో చాకిరీ చేసిన నలుగురి పేర్లు దాని మీద ఉన్నాయి: టైటస్, వీనస్, బిల్హా, జూబా. వీళ్ళలో వీనస్, బిల్హా ఆడవాళ్ళు. ఆ పలక మీద అధ్యక్షులకు ఇంటిపేర్లున్నాయి. ఈ నలుగురికీ లేవు.