గడప వెలుపల పాదరక్షలు



నేటి ప్రసంగవిషయము విని మీలో కొందఱు నవ్వవచ్చును. చెప్పులు గడప వెలుపల విడువుమని మనకొకరు చెప్పవలెనా, అది తాతముత్తాతలనాటి మర్యాదయే గదా యనవచ్చును. నిజమే. మన సీమలో మెట్లు వాకిట విడిచి, చెంబెడు నీళ్లతో కాళ్లు కడుగుకొనిన పిమ్మటనే పడసాలలో అడుగు పెట్టెడివారు. కాని ఆ మర్యాద ఇప్పుడు సగము నిలిచి సగము జాఱిపోయినది. దేవుని గదికిని వంటయింటికిని మాత్రము మిగిలినది. బండి దిగిన కుఱ్ఱవాడు బూట్లతోనే పడసాల దాటి వచ్చి మంచముమీద కూర్చుండుచున్నాడు. 2020 మొదలు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకును బూట్లు పంచుచున్నారు. అది మంచి పని. బడినుండి వచ్చిన పిల్లవాడు వానిని ఎచ్చట విడువవలెనో చెప్పుట మాత్రము ఇంటి పెద్దల వంతు.

అనంతపురపు మెట్టనేల ఎట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును కాలమున కురియదు. ఆషాఢమున గాలి లేచినచో చేనిలోని ఎఱ్ఱమన్ను ఇంటిలోనికి తానే వచ్చును. ఇక చెప్పులతో మనము మోసి తెచ్చుట యెందులకు? చెప్పు అడుగున వచ్చునది మన్నొక్కటియే యైన బాధ లేదు. పశువుల పెంట వచ్చును, వీధిలో ఉమ్మిన ఉమ్మి వచ్చును, చేనిలో చల్లిన పురుగుమందు వచ్చును, వేరుసెనగ విత్తనమునకు పట్టించిన మందు వచ్చును. మన్ను అలికిన నేలలు పోయి తాడిపత్రి బండలు వచ్చినవి. చూచుటకు అద్దమువలె నుండును. ఆ బండలమీదనే దోగాడు పసిబిడ్డ చేయి నోట పెట్టుకొనును. అమ్మ ఆ బిడ్డ చేతికి మట్టి అంటినదని చూచునే గాని మందు అంటినదని చూడలేదు, అది కంటికి కనబడదు గనుక.

ముండ్ల సంగతి వేఱు. 1877లో కడప ప్రాంతమున నాటిన సర్కారు తుమ్మ నేడు మన బీళ్లను, వంకలను, చెఱువు గర్భములను కూడ కప్పివేసినది. చెప్పునకు నాటుకొనిన ఆ ముల్లు పడసాలలో రాలినచో ఎవరి కాలికి గ్రుచ్చుకొనునో చెప్పలేము.

నీళ్లున్నచో కాళ్లు కడుగుకొనుటయే మేలు. ఆఱుగురున్న ఇంట దినమునకు మూడుమార్లు చెంబెడు చొప్పున వాడినచో 18 చెంబులగును. ట్యాంకరు కొఱకు బిందెలు వరుస పెట్టు ఊరిలో ఆ లెక్క ఆడవారికి తెలియును, మనకంటె బాగుగా తెలియును. మెట్లు వెలుపల విడుచుటకు చుక్క నీరు అక్కఱలేదు.

ఇచ్చట రెండు మాటలు జాగ్రత్తగా వినవలెను. మధుమేహమున్న పెద్దలకు పాదములలో స్పర్శ తగ్గును. ముల్లు దిగినను తెలియదు, పుండు పడినను తెలియదు. అట్టివారు ఇంటిలోను వట్టికాళ్లతో నడువరాదని వైద్యులు చెప్పుదురు. వారు ఇంటికే వేఱుగ ఒక జత ఉంచుకొనవలెను; అది గడప దాటరాదు. మఱియు ఇంటిలో విడువుమనుట వీధిలో విడువుమనుట కాదు. తడినేలలో నుండు కొంకిపురుగు పిల్లలు వట్టి అరికాలి చర్మమునుండియే దేహములోనికి చొచ్చును. దొడ్డికి పోవునపుడు, తోటలో తిరుగునపుడు చెప్పులు తొడుగుకొనియే పోవలెను.

ఇంతవఱకు ఎవరికిని అభ్యంతరముండదు. ఇకమీద చెప్పబోవునది కొందఱకు రుచింపకపోవచ్చును.

నా చిన్నతనమున ఒక కరవు ఏట మా తాతగారి యింటికి ఒక అధికారి వచ్చెను. అప్పుడే తుడిచిన పడసాలలో బూట్లతో నడచి వచ్చినను ఎవరును మాటాడలేదు. తాతగారు స్వయముగా కుర్చీ తెచ్చి వేసిరి. ఆ సమయముననే తాతగారి చెప్పులు కుట్టిన మనిషి వీధికి ఆవలి ప్రక్కను, తన చెప్పులు చేతపట్టుకొని, కాలుచున్న గరుసుమీద నిలుచుండెను. నేను చూచితిని. ఏమియు అడుగలేదు, అడుగవలెనని నాకు తోచనైనను లేదు.

ఇప్పుడు ఆలోచింపగా, ఆ అధికారి బూట్లకును ఊరి దుమ్మే అంటినది గదా. మర్యాద దుమ్ము కొఱకే యైనచో ఆయనకు మినహాయింపు ఎందులకు? వీధి ఎవరి పడసాలయు కాదే, అచ్చట ఒక మనిషి చెప్పులు తీయవలసిన పనియేమి? 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. ఆ మాట మన గడపల కడకు వచ్చుటకు ఎన్ని ఏండ్లు పట్టినదో పెద్దలు మీకే తెలియును.

అధికారిని బూట్లు విడువుమనుట ఎట్లని సంకోచించువారికి ఒక కథ. 1800లో నిజాము మన దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చినపుడు మొదట పాలించిన కలెక్టరు తామస్ మన్రో. 1807 వఱకు ఉండెను. ఆయన మఠపు భూముల విచారణకై మంత్రాలయమునకు వచ్చి, టోపీయును బూట్లును తీసి లోపలికి పోయెననియు, రాఘవేంద్రస్వామి ఆయన కొక్కనికే కనబడి మాటాడెననియు జనులు చెప్పుకొందురు. కనబడుట నిజమో కాదో నేను తీర్పు చెప్పజాలను. ఇన్ని తాలూకాలకు ఏలికయైనవాడు బూట్లు విడిచెనని చెప్పుకొనిన మనవారు ఆయనను చిన్నచూపు చూచిరా? తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

మా యింట అరుగు ప్రక్కన ఒక బండ పఱచి, చెప్పులకు అది స్థలమని ఏర్పఱచితిమి. బూట్ల త్రాళ్లు విప్పుకొనువారికి ఒక ముక్కాలిపీట కూడ వేసితిమి. వచ్చినవారిని విడువుమని ఎట్లు అడుగుదుమని కోడలు బిడియపడెను. అడుగనక్కఱ లేకపోయినది, మా జతలు అచ్చట చూచి వచ్చినవారు తామే విడిచిరి. బ్యాంకు ఉద్యోగి యొకరు పీటమీద కూర్చుండి నవ్వుచునే విప్పుకొనెను.

కష్టమైనది మఱియొకటి. మా ఊరి మాదిగవాడ పెద్ద యొకరు ఎనుము బేరమునకు వచ్చి, అలవాటుచొప్పున మెట్లు దారి అంచునే విడిచి అచ్చటనే నిలిచెను. బండ చూపి పిలిచితిని, రాలేదు. రెండవమాఱును రాలేదు. తప్పు ఆయనది కాదు గనుక నేనే దారి అంచునకు పోయి అచ్చట నిలిచియే మాటాడితిని. మూడవమాఱు వచ్చినపుడు మెట్లు నా మెట్ల ప్రక్కన విడిచి, లోపల చాపమీద కూర్చుండి, మజ్జిగ త్రాగి, బేరము ముగించుకొని పోయెను. ధర మాత్రము తగ్గింపలేదు.