గజ్జల నొప్పి - నలభై ఏళ్ళ నాటి సంజాయిషీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, గురువులకు నమస్కారం. మా 1985 బ్యాచ్ వాళ్ళకు మాత్రం నమస్కారం కాదు, సంజాయిషీ బాకీ ఉన్నాను.

ఆ ఏడు సంక్రాంతి సెలవుల ముందు కబడ్డీ ఫైనల్ మీకు గుర్తుండే ఉంటుంది. రెండో సగంలో నేను కూతకు వెళ్ళనని కూర్చుండిపోయాను. ఓడిపోయాం. భయపడ్డాడన్నారు. నాటకాలన్నారు. నా బెంచీ మిత్రుడు పబ్లిక్ పరీక్షలయ్యేదాకా మాట్లాడలేదు.

ఏం చెప్పను? ఆట మొదలైన పది నిమిషాలకు కుడి గజ్జలో పట్టి, తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా లాగేది. కాలు నాది కానట్టు సత్తువ పోయేది. అరగంట కూర్చుంటే ఏమీ లేదు! అలా మాయమయ్యే నొప్పిని ఎవరు నమ్ముతారు? గజ్జలో బిళ్ళ కట్టిందేమోనని మా అమ్మ ఉప్పు కాపడం పెట్టింది. నమ్మింది ఆమె ఒక్కతే.

ఆట మానేశాను, నొప్పీ పోయింది. నలభై రెండో ఏట షుగరు భయంతో పరుగు మొదలుపెడితే అదే చోట, అదే పది నిమిషాలకు మళ్ళీ వచ్చింది. ఒకరు కండరం పట్టేసిందన్నారు. ఇంకొకరు హెర్నియా అనుకుని స్కానింగ్ చేయించారు. ఎమ్మారైలోనూ ఏమీ లేదు. చివరికి క్రీడా వైద్యం తెలిసిన ఒక డాక్టరుగారు, "ముందు పరుగెత్తి రండి, తర్వాత చూస్తాను" అన్నారు. నాకు సిగ్గేసింది. లోడు మీదే వచ్చే ఫాల్టును లోడు లేకుండా వెతకొద్దని సబ్‌స్టేషన్‌లో కుర్రాళ్ళకు రోజూ చెప్పేవాణ్ణి నేనే కదా!

నడుము దగ్గర వెన్ను నుంచి బయలుదేరే అబ్ట్యురేటర్ నరం, కటి ఎముకలోని సందు గుండా తొడలోకి దిగుతుంది. తొడలను దగ్గరకు లాగే కండరాలకు కరెంటు అదే. అక్కడి కండరాల మీది పొర కొందరిలో ఆ నరాన్ని బిగించేస్తుంది. ఆ కండరాల్లో సూదులు గుచ్చి చేసే ఇ.ఎం.జి. పరీక్షలో నా సంగతి బయటపడింది. నరం దగ్గర మత్తుమందు ఎక్కించి మళ్ళీ పరుగెత్తమన్నారు. ఇరవై ఏడేళ్ళ తర్వాత నొప్పి లేకుండా పరుగెత్తాను, ఆసుపత్రి వెనక స్కూటర్ల మధ్య. ఆపరేషన్ చేసి ఆ పొర కోసి నరాన్ని వదులు చేశారు. కొన్ని వారాలకు మెల్లగా పరుగులో పడ్డాను.

ఆస్ట్రేలియా వైద్యులు 32 మంది ఆటగాళ్ళలో ఈ జబ్బును గుర్తించి పత్రం ప్రచురించింది 1997లో. మన ఫైనల్ అయిన పన్నెండేళ్ళకు. కాబట్టి మా డ్రిల్లు మాస్టారిని తప్పుపట్టే పని లేదు.

ఇప్పటి పి.ఇ.టి. గార్లకు ఒక్క మనవి. గజ్జ నొప్పులన్నీ నరం నొప్పులు కావు. ఎక్కువ భాగం కండరం దెబ్బలే, కొన్ని తుంటి కీలువి, కొన్ని హెర్నియావి. కానీ ఆడితే వచ్చి, కూర్చుంటే పోతోందని పిల్లవాడు చెబితే నాటకం అనకండి. ఆడించి, నొప్పి ఉండగానే డాక్టరుకు చూపించండి.

పొద్దున గేటు దగ్గర మా డ్రిల్లు మాస్టారు కనబడి, "ఏరా, కాలెలా ఉంది?" అన్నారు. ఆయనకూ గుర్తుంది! భోజనాలకు ముందు మా బ్యాచ్‌కీ ఇప్పటి పదో తరగతికీ కబడ్డీ ఉంది మాస్టారూ. మొదటి కూత నాదే.