రంధ్రమునకు పేటెంటు కలదా?



జ్వరముతో మూలుగుచున్న బిడ్డను తీసికొని మనము వైద్యునియొద్దకు పోయినపుడు, అతడు కొంచెము రక్తము తీయించి పరీక్షకు పంపును. కొంతసేపటికి ఒక చిన్న కాగితము వచ్చును. దానిపై ఎఱ్ఱకణములు ఇంత, తెల్లకణములు ఇంత అని అంకెలుండును. ఆ అంకెలను చూచి వైద్యుడు మందు వ్రాయును. ఆ కణములను లెక్కించినది మనుష్యుడు కాదు, యంత్రము. అట్టి యంత్రమును మొదట ఊహించినవాడెవడు? అతనికి లోకము ఏమి ప్రతిఫలమిచ్చినది? ఆ ప్రతిఫలమునకు ఎల్ల ఎవరు గీయుదురు? ఈ కడపటి ప్రశ్నయే నేటి నా ప్రసంగ విషయము.

ఆ ఎల్ల గీయు పనిలోనే నా ఉద్యోగజీవితమున పెద్ద భాగము గడచినది. నేను పేటెంటు పరీక్షకుడనుగా ఉంటిని. రోగిని ముట్టకయే, మందు నీయకయే, ఆసుపత్రులలోనికి వచ్చు యంత్రముల భాగ్యమును కాగితములమీద విచారించు వృత్తి అది.

పేటెంటనగా బహుమానము కాదు, బిరుదమును కాదు. అది ఒక ఒడంబడిక. క్రొత్త వస్తువును కనిపెట్టినవాడు తన రహస్యమును దాచక, ఆ విద్య తెలిసిన మఱియొకడు చదివి చేయగలుగునట్లు వ్రాసి ఈయవలెను. అందుకు బదులుగా ప్రభుత్వము, దరఖాస్తు చేసిన తేదీ మొదలు 20 సంవత్సరములు, తన అనుమతి లేనిదే ఇతరులు దానిని చేయకుండను అమ్మకుండను వారించు హక్కును అతనికిచ్చును. గడువు తీరినపిమ్మట అది ఊరందఱి చెఱువువంటిది, ఎవరైనను ముంచుకొనవచ్చును. ఈ ఒడంబడిక జరుగునపుడు ఒకవైపు దరఖాస్తుదారుడును అతని ప్రతినిధియు కూర్చుందురు. రెండవవైపు కూర్చుండవలసిన ప్రజలు ఆ గదిలో కానరారు. వారికి బదులుగా ఆ కాగితములు చదువువాడే పరీక్షకుడు.

అతడు ముఖ్యముగ మూడు ప్రశ్నలు వేయును. ఇది క్రొత్తదా? క్రొత్తదైనను, ఆ విద్యలో నేర్పుగలవానికి ఎవనికైనను తట్టునట్టి సులభమైన మార్పా, లేక బుద్ధిబలముచే సాధించినదా? ఇది పరిశ్రమలో చేయుటకు వీలగునా? వినుటకు ఇవి సులభములే. వీని కష్టమును తెలుపుటకు ఒక చరిత్ర చెప్పెదను.

పూర్వము రక్తకణములను లెక్కించుటకు గళ్లుగీసిన గాజుపలకపై పలుచబఱచిన రక్తమును ఉంచి, సూక్ష్మదర్శినిలో చూచుచు, గడి గడికి కణములను ఎన్నుచుండిరి. కన్నులు అలసిపోవును, ఒకరి లెక్క మఱియొకరి లెక్కకు సరిపోదు. అమెరికాలోని షికాగో నగరమున వాలెస్ కౌల్టర్ అను విద్యుద్యంత్రజ్ఞుడు ఈ శ్రమకు ఒక ఉపాయమును కనిపెట్టెను. ఉప్పునీటిలో రక్తకణములను కలిపి, అతిసూక్ష్మమైన రంధ్రముగుండ ఆ నీటిని పోనిచ్చెను. రంధ్రమునకు ఇటునటు విద్యుత్తును ప్రసరింపజేసెను. కణము విద్యుత్తును ఉప్పునీటివలె సులభముగ పోనీయదు. కావున ఒక్కొక్క కణము రంధ్రమును దాటునపుడెల్ల విద్యుత్ప్రవాహమునకు ఒక చిన్న అడ్డు కలుగును. ఆ అడ్డులను లెక్కించినచో కణముల సంఖ్య తెలియును. అడ్డు ఎంత పెద్దదో చూచినచో కణము ఎంత పెద్దదో తెలియును. సంతలోనికి వచ్చు గొఱ్ఱెలను సందుగుమ్మమున ఒక్కొక్కదానినే విడిచి ఎన్నుకొను కాపరి యుక్తియే ఇది!

కౌల్టర్ పేటెంటు కోరదలచినపుడు న్యాయవాదులు కొందఱు, రంధ్రమునకు పేటెంటు దొరకదని అతనిని త్రిప్పి పంపిరని చెప్పుదురు. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. రంధ్రము అనాదినుండి ఉన్నది; అది ఎవని సొత్తును కాదు. అయినను అతడు కోరినది రంధ్రము కాదు. రంధ్రము, ద్రవము, విద్యుత్తు, అడ్డును పసిగట్టు సాధనము, ఇవియన్నియు కలిసి ద్రవములోని కణములను లెక్కించు ఉపాయము. 1949 ఆగస్టు 27వ తేదీన చేసిన దరఖాస్తునకు 1953 అక్టోబరు 20వ తేదీన 2,656,508 సంఖ్యగల అమెరికా పేటెంటు లభించినది. నేడు లోకమంతటను రక్తకణములను లెక్కించు యంత్రములలో అనేకము ఆ సూత్రముపైననే నడచుచున్నవి.

ఇక్కడ పరీక్షకుని పని గమనింపుడు. అంతకు పూర్వమే, 1934లో, మోల్డవాన్ అను శాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసమును ప్రకటించియుండెను. సన్నని గాజుగొట్టముగుండ కణములను పోనిచ్చి, కాంతివిద్యుత్సాధనముతో లెక్కించుటను గూర్చినది ఆ వ్యాసము. కావున కణములను ఇఱుకుదారిలో వరుసగ పోనిచ్చి యంత్రముచే లెక్కించుటయంతయు నాదేయని తరువాత ఎవడైనను కోరినచో, ఆ చిన్న వ్యాసమే అడ్డు నిలుచును. కాంతికి బదులు విద్యున్నిరోధమును వాడుట అనునది మాత్రము వేఱు విషయము. హక్కును కోరు వాక్యములో ఒక్క పదము ఎక్కువైనచో ఇతరుల సొత్తును ఆక్రమించినట్లగును. ఒక్క పదము తక్కువైనచో కనిపెట్టినవానికి అన్యాయమగును. పొలముగట్టు తగవులను చూచినవారికి ఈ చిక్కు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱియొక యంత్రము కలదు. క్లీవ్లాండు నగరమున లియోనార్డ్ స్కెగ్స్ అను శాస్త్రజ్ఞుడు రక్తములోని చక్కెర, యూరియా మొదలగువానిని తానంతట తానే కొలుచు యంత్రమును నిర్మించెను. 1957లో అది ‘ఆటో అనలైజర్’ అను పేర విపణిలోనికి వచ్చినది. దానిలో ద్రవమును నెట్టు పంపు కలదు. వడియగట్టు పొర కలదు. రంగును కొలుచు సాధనము కలదు. వీనిలో ఏదియు విడిగ వింత కాదు. కాని ఒక రోగి నమూనా మఱియొక రోగి నమూనాతో కలిసిపోకుండ నడుమ గాలిబుడగలను పోనిచ్చి, అన్నిటిని ఒకే ప్రవాహములో నడపుట వింత.

మన దేశపు చట్టమును గూర్చి చెప్పవలసిన ఘట్టమిదియే. జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక పునాదిగా 1970లో మన పేటెంట్ల చట్టము చేయబడి, 1972లో అమలునకు వచ్చినది. తెలిసిన సాధనములను ప్రక్కప్రక్కన చేర్చగా, ప్రతిదియు తన పాతపని తాను చేసికొనుచుండినచో, అట్టి కూర్పు నూతన కల్పన కాదని ఆ చట్టపు 3వ సెక్షను చెప్పుచున్నది. ఒక దూలమునకు గడియారమును గంటను కట్టినంత మాత్రమున క్రొత్త యంత్రము పుట్టదు. గడియారము గంటను మ్రోగించినపుడే రెండును ఏకమగును. లేబరేటరీ యంత్రములను పరీక్షించువాడు ప్రతిదినము వేసికొనవలసిన ప్రశ్న ఇది: ఈ భాగములు కలిసి పనిచేయుచున్నవా, లేక ఒకే పెట్టెలో కాపురమున్నవా?

అదే సెక్షనులో మఱియొక కట్టుబాటు కలదు. మనుష్యులకు చేయు చికిత్సాపద్ధతికిని రోగనిర్ణయ పద్ధతికిని పేటెంటు లేదు. వైద్యుని చేతిని, వైద్యుని ఆలోచనను ఎవడును గుత్తకు తీసికొనరాదనుట దీని భావము. కాని యంత్రము పద్ధతి కాదు. యంత్రమునకు పేటెంటు ఉండవచ్చును. మఱి శరీరమునుండి తీసిన రక్తమును గాజుగొట్టములో పరీక్షించు పద్ధతి మాటయేమి? ఐరోపా పేటెంటు ఒడంబడికలో నిషేధము శరీరముపై జరుపు రోగనిర్ణయ పద్ధతులకే పరిమితము. మన చట్టములో ఆ పరిమితి మాటలలో లేదు. 2023లో మద్రాసు హైకోర్టు హాంకాంగులోని చైనీస్ విశ్వవిద్యాలయపు దరఖాస్తు విషయమున తీర్పు చెప్పుచు, నిషేధము శరీరముపై జరుగు పరీక్షలకే పరిమితము కాదనియు, అట్లని రోగనిర్ణయముతో ఏదో సంబంధమున్న ప్రతి పద్ధతియు నిషిద్ధము కాదనియు విడదీసినది. ఆ పద్ధతివలననే రోగము బయటపడునా అనుటయే విచారింపవలసిన అంశము. యంత్రములో కంప్యూటరు చేరినపిమ్మట చిక్కు ఇంకను పెరిగినది. వట్టి ప్రోగ్రామునకును గణితపద్ధతికిని కూడ పేటెంటు లేదు గదా!

ఇక నా అనుభవమునకు వచ్చెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక దరఖాస్తు నా బల్లమీదికి వచ్చినది. పంపినవాడు తెలుగు జిల్లాలలోని ఒక పట్టణమున చిన్న లేబరేటరీలో పనిచేయు యువకుడు. కణములను లెక్కించు యంత్రములలో ఒక చిరకాల వ్యాధి కలదు: సూక్ష్మరంధ్రమునకు నలుసు అడ్డుపడును, లెక్క తప్పును. జ్వరముల కాలమున రోగులు వరుస కట్టియుండగా యంత్రము మొరాయించుట చూచి చూచి, ఆ యువకుడు తక్కువ వెలలో ఒక యంత్రమును తానే కట్టుకొనెను. వ్రాత ముతకగా ఉన్నను బుద్ధి మెఱుగుగా ఉన్నది. చదువుచుండగా నాకు సంతోషము కలిగినది.

కట్ట చివర ఒక అచ్చుకాగితము కనబడినది. దరఖాస్తునకు ఎనిమిది నెలల ముందు ఒక కళాశాల వార్షికోత్సవ ప్రదర్శనములో అతడు ఆ యంత్రమును చూపియుండెను. ఉత్సవ సంచికలో దాని పటము, నడచు విధము అచ్చుపడియుండెను. తన కృషికి యోగ్యతాపత్రముగ ఉండునని ఆ అమాయకుడు దానిని తానే జతపఱచెను. అదియే అతని దరఖాస్తునకు గొడ్డలిపెట్టు! ప్రభుత్వము గెజెట్టులో ప్రకటించిన ప్రదర్శనములో చూపినను, విద్వత్సభలో వ్యాసముగ చదివినను, పండ్రెండు నెలల మినహాయింపు చట్టములో కలదు. ఇది ఆ రెంటిలో ఏదియు కాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కాగితమును చూడనట్లు ఊరకున్నచో ఎవరికి తెలియును అని మనస్సు అడుగుచుండెను. కాని ఆ సంచికను చదివి, ఇది అందఱిదని నమ్మి, అట్టి యంత్రమును కట్టుకొన్నవాడు ఏ ఊరిలోనో ఉండవచ్చును. అతనికి నేనేమి సమాధానము చెప్పుదును? అదిగాక అట్లు ఇచ్చిన పేటెంటును నమ్మి ఈ యువకుడు ఇల్లు తాకట్టుపెట్టి పరిశ్రమ స్థాపించినచో, మొదటి ప్రతిపక్షియే ఆ సంచికను తెచ్చి దానిని పడగొట్టును. తెల్లవారి నేను ఆక్షేపణ వ్రాసితిని.

విచారణదినమున అతడు వచ్చెను. “అయ్యా, నేను కనిపెట్టినది నాది కాదా?” అని అడిగెను.

“నీదే, నాయనా. కాని దానిని నీవే లోకమునకు ముందుగ ఇచ్చివేసితివి” అంటిని.

అతని కన్నులు ఎఱ్ఱబడినవి. అధికారి అనుమతితో అతని దరఖాస్తులోనే ఒక పుటను తెఱచి చూపితిని. రంధ్రమునకు అడ్డుపడిన క్షణమును యంత్రమే గుర్తించి, అప్పటి లెక్కను త్రోసివేసి, నలుసును వెడలగొట్టి, మరల లెక్క సాగించు ఏర్పాటు ఆ పుటలో కలదు. ఉత్సవ సంచికలో దాని ఊసు లేదు. అతడు తన కోరికను ఆ ఏర్పాటునకు మాత్రమే కుదించుకొనెను. కొంతకాలమునకు ఆ చిన్న హక్కు అతనికి లభించినది. కాని ఆనాడు అతడు నా ముఖము చూడకయే వెడలిపోయెను. అతని కోపము న్యాయమైనదేయని నేటికిని తలతును. నా ఆక్షేపణయు న్యాయమైనదే. రెండు న్యాయములు ఒక గదిలో ఎదురుపడుట ఈ వృత్తిలో అరుదు కాదు.

కావున లేబరేటరీలలో పనిచేయు సోదరసోదరీమణులకు నా మనవి రెండు మాటలు. మీ చేతిలో క్రొత్త ఉపాయము రూపొందినచో, ప్రదర్శనమునకును పత్రికకును ముందు దరఖాస్తు చేయుడు. తాత్కాలిక వివరణముతో తేదీని నిలుపుకొని, పూర్తి వివరణమును 12 నెలలలోగా సమర్పించు వీలు కలదు. రెండవది: సాధారణముగ 18 నెలలు గడచినపిమ్మట ప్రతి దరఖాస్తును ప్రకటితమగును. పేటెంటు ఈయకముందు ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును. మీరు ఏనాటినుండియో చేయుచున్న పనిని ఎవడైనను తనదిగ కోరుచున్నట్లు కనబడినచో, తేదీ రుజువుగల మీ పాత ప్రకటనలను, అచ్చు కాగితములను తీసికొని రండు. పరీక్షకుడు సర్వజ్ఞుడు కాడు. మీరు చూపిన దీపమే అతనికి వెలుగు.

పేటెంటు ఇచ్చిన తరువాతను ప్రజల హక్కు చావదు. మూడేండ్లు గడచినను ఆ వస్తువు ప్రజలకు అందుబాటు వెలకు దొరకనిచో, ఇతరులు దానిని చేయుటకు నిర్బంధ అనుమతి కోరవచ్చును.

రంధ్రమునకు పేటెంటు కలదా అని మొదట అడిగితిని. లేదు. రంధ్రముగుండ ఎవడును చూడని దానిని చూచినవానికి కలదు. అతడు చూచినదెంతయో అంతవరకే ఎల్ల గీయుట పరీక్షకుని ధర్మము. ఈసారి మీ చేతికి రక్తపరీక్ష కాగితము వచ్చినపుడు, ఆ అంకెల వెనుక నిలిచిన కల్పకుని, అతనికి హద్దు గీసిన గుమాస్తాను కూడ ఒక క్షణము తలచుకొనుడు.