మంచము పట్టినవారి చర్మము

నిద్రించువాడు రాత్రి ఎన్ని పర్యాయములు ఒత్తిగిలునో అతనికే తెలియదు. ఒకేచోట బరువు నిలిచినచో అచ్చటి చర్మమునుండి నాడుల వెంట మెదడునకు వార్త పోవును. నిద్ర చెడకుండగనే దేహము పక్క మార్చుకొనును. పక్షవాతముతోనో, వెన్నుపాము దెబ్బతోనో పడియున్నవారికి ఆ వార్త అందదు. అందినను కదలుటకు శక్తి చాలదు. పడకపుండు పుట్టుట కిదియే మూలము. పరిచర్య నేర్చు విద్యార్థులును, ఇంట రోగిని సేవించు గృహస్థులును దీనిని ముందుగ గ్రహింపవలెను.

చర్మమునకు రక్తమును చేర్చు కేశనాళికలు మిక్కిలి సన్ననివి. రక్తము ప్రవేశించు కొనయందు వానిలోని ఒత్తిడి సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసమని 1930లో లాండిస్ అను శాస్త్రజ్ఞుడు కొలిచి చెప్పెను. ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన చర్మముపై బడు ఒత్తిడి దీనిని సులభముగ మించును. రక్తము ఆగిన కొన్ని గంటలకే కణములు చావనారంభించును. చర్మముకన్న కండరము ముందు చెడును గనుక, పైకి చిన్న మచ్చయే కనిపించినను లోపల గొయ్యి యుండవచ్చును. నడుము క్రింది ఎముక, తుంటి, మడమలు, తల వెనుక భాగము - వీనిని ప్రతిదినము చూడవలెను.

ఎఱ్ఱబడినచోట వ్రేలితో నొక్కి తీయుడు. తెల్లబడి మరల ఎఱ్ఱనైనచో రక్తప్రసారము కలదు. తెల్లబడనిచో పుండు ఆరంభమైనట్లే. నల్లని మేనులయందు ఎరుపు స్పష్టముగ కానరాదు. వేడిమిని, గట్టిదనమును చేతితో తాకి తెలిసికొనవలెను. అచ్చట స్పిరిటుతో రుద్దుట, గుండ్రని గాలిదిండు వేయుట పూర్వపు అలవాట్లు. రెండును కీడే చేయును.

ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము రోగుల విభాగమును నెలకొల్పిన లుడ్విగ్ గుట్మన్, రేయింబవళ్లు రెండు గంటల కొకసారి రోగులను పక్క మార్పించెను. అంతకుముందు అట్టి రోగులు పెక్కురు పుండ్లు చీముపట్టియు, మూత్రకోశము చెడియు మరణించెడివారు. నేడు ప్రత్యేకపు పరుపులున్నచోట వైద్యులు ఈ వ్యవధిని పొడిగించుటయు కలదు. మామూలు పరుపుపై రెండు గంటల నియమమే మేలు.

రోగిని ఒక్కరే లాగరాదు. లాగినపుడు చర్మము పరుపున కంటుకొని నిలువగా ఎముక జారి, నడుమనున్న నాళములు మెలిపడును. ఇద్దరు అడ్డదుప్పటి పట్టి ఎత్తి జరుపవలెను. పూర్తిగ తుంటిపై పరుండబెట్టక, వీపు వెనుక దిండుంచి కొంచెము ఒరగించిన చాలును. పిక్కలక్రింద మరియొక దిండు పెట్టి మడమలను పరుపునకు తాకనీయకుడు. తడిసిన బట్టను వెంటనే మార్చవలెను.

అర్ధరాత్రి లేచుట ఎవరికైనను కష్టమే. పెక్కు ఇండ్లలో ఈ భారమంతయు ఒక్క ఇల్లాలిపైననే పడుచున్నది; ఇది న్యాయము కాదు, నిలుచునదియు కాదు. గోడకు కాగితము నంటించి, గంటలును, కుడిపక్క, వెల్లకిల, ఎడమపక్క అనియు వ్రాసి, మగవారితో సహా వంతులు పంచుకొనుడు. చర్మము చిట్లినను, నల్లబడినను, చీము కారినను ఇంటి పూతలు మాని వైద్యునికి చూపవలెను.