నీసు మానిన పిమ్మట

కార్తీకమాసము ప్రవేశించినదని పంచాంగము చూడకయే చెప్పగల గుర్తు మా ఎలమంచిలిలో ఒకటి ఉన్నది. ఆదివారము ఉదయము కోడిమాంసపు దుకాణముల ముందు నిలుచు వరుస ఆ నెలలో పలుచబడును. పూడిమడక, రాంబిల్లి తీరముల నుండి చేపలు తెచ్చి అమ్ము స్త్రీలకు అలవాటైన గుమ్మములలో సైతము “ఈ నెల వద్దమ్మా” అన్న మాటయే వినబడును. తునికిని అనకాపల్లికిని నడుమ రైలుమార్గము మీద ఉన్న ఈ చిన్న పట్టణములోనే కాదు, తెలుగునాట ఎన్నో ఊళ్లలో ఇది ఏటేటా జరుగు విషయమే. అయ్యప్పదీక్ష పట్టినవారు మండలకాలము, అనగా నలుబదియొక్క దినములు, మాంసము ముట్టరు. శనివారమో సోమవారమో నీసు వండని ఇండ్లకు లెక్కలేదు.

మాంసాహారము నుండి శాకాహారమునకు మారుట అనగానే అది ఎక్కడనో దూరదేశములలో పుట్టిన కొత్త ఆలోచనయని కొందరు తలచుచున్నారు. కాని ఏటికి ఒక నెల ఆ మార్పును ఇంటిల్లిపాదియు చేసి చూపుచున్నవారము మనమే. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమువారు 2014లో జరిపిన సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో పదునైదేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 98 మంది మాంసాహారులు. ఆ 98 మందిలోని వారే కార్తీకములో పప్పు, కూర, చారు, మజ్జిగలతో నెల గడుపుచున్నారు. కనుక మనకు చేతకాని పని కాదు ఇది. అయితే దానిని మనము సరిగా చేయుచున్నామా? ఈ ప్రశ్న నాకు మా మేనమామగారి ఇంట ఎదురైనది.

మామయ్య ఎలమంచిలి దగ్గరి పల్లెలో బడిపంతులుగా పనిచేసి విశ్రమించిన మనిషి. మాంసము లేనిదే ముద్ద దిగదని ఆయనకు పేరు. ఒక ఏడు రక్తపోటు, రక్తములోని కొవ్వు హెచ్చుగా ఉన్నవని తెలిసి వైద్యుడు వేటమాంసము తగ్గించుమని చెప్పినాడు. తగ్గించుట మామయ్య స్వభావము కాదు. కార్తీకము మొదటినాడు మానివేసినారు. మాసము ముగిసిన తరువాతను పట్టు విడువలేదు. చేపయు లేదు, గ్రుడ్డును లేదు. పాలు అంతకుముందే ఆయనకు గిట్టవు. బంధువులందరము మెచ్చుకొన్నాము.

సంక్రాంతికి నేను వెళ్లి చూచునప్పటికి మనిషి సగమైనారు. చెంపలు లోనికి పోయినవి. అరుగు ఎక్కుటకు స్తంభము పట్టుకొనుచున్నారు. మరల వైద్యుని వద్దకు తీసికొనిపోయినాము. ఆయన అంతయు పరీక్షించి ఒకే ప్రశ్న అడిగినాడు: “మాస్టారూ, మాంసం మానేశారు, మంచిదే. దాని బదులు ఏం తింటున్నారు?”

మామయ్య కొంతసేపు ఆలోచించి, “బదులేమిటి? అన్నమే తింటున్నాను,” అన్నారు.

నిజమే. ఆయన విస్తరిలో అన్నము పెరిగినది, ఆవకాయ పెరిగినది, బంగాళాదుంప వేపుడు పెరిగినది. ముక్క పోయిన చోటు మాత్రము ఖాళీగానే ఉన్నది. పప్పు వండని దినములే ఎక్కువ. వండినను అది అన్నమును తడుపుటకు మాత్రమే. నేను ఈనాడు చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే: నీసును తీసివేయుట సగము పని, ఆ పీట మీద మరియొకదానిని కూర్చుండబెట్టుట మిగిలిన సగము.

మాంసము మన విస్తరికి నడుమ చేరుటయు అంత ప్రాచీనమైన విషయము కాదు. పూర్వము సామాన్య గృహములలో అల్లుడు వచ్చిననో, పండుగ వచ్చిననో కోడి తెగెడిది. గడచిన శతాబ్దపు చివరి దశాబ్దములలో బ్రాయిలర్ కోళ్ల పెంపకము విస్తరించిన తరువాతనే మాంసము వారవారము, కొన్ని ఇండ్లలో దినదినము, వంటకమైనది. అంతకుముందు ఈ ప్రాంతపు కాయకష్టమును మోసినవి చోడి అంబలి, గంటి అన్నము, ఉలవలు, కందులు, నువ్వులు. కనుమనాడు మినుము తినవలెనన్న సామెత మనది. ఆనాడు మాంసము వండు ఇంటను గారెలు తప్పవు. మాంసపు పులుసులో గారె నంజుకొనుచు, ఆ రెంటిలో ఏది ఎంత బలమిచ్చునో మనము ఎన్నడును ఆలోచింపలేదు.

ఆలోచించిచూడుడు. కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, ఉలవలు — వీనిలో ఏదైనను నూరు గ్రాములకు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. ఇది పచ్చిగింజల లెక్క. ఉడికినప్పుడు నీరు చేరి గరిటెడు పప్పులో ఆ పాలు పలుచబడును. అందుచేత పలుచని పప్పుకట్టు చాలదు, ముద్దపప్పు కావలెను. వరి బియ్యములో లైసీను అను అంశము తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో మెథియొనీను తక్కువ. బియ్యములో అది ఉన్నది. రెండును కలిసినప్పుడు ఒకదాని లోటును మరియొకటి పూరించును. ధాన్యము మూడు పాళ్లు, పప్పు ఒక పాలు ఉన్నచో ఈ జత చక్కగా కుదురునని పోషకాహార శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన ఇడ్లీ, పెసరట్టు, పులగము అను వంటకములు పుట్టిననాడు ఈ రసాయనము ఎవరికిని తెలియదు. నాలుకకు మాత్రము తెలిసినది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో మన గడ్డకు తరలివచ్చినది. ఆ సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార సూచనలలో, సాధారణ శ్రమ చేయు మనిషి దినభోజనములో పప్పుధాన్యములు సుమారు 85 గ్రాములు ఉండవలెనని, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిసి పళ్లెములో సగము ఆక్రమింపవలెనని సూచించినారు. మాంసము, గ్రుడ్లు తినువారికి అవి ఈ 85 గ్రాములలో కొంత భాగమును పంచుకొనును. మాంసము లేని ఇంట లెక్క వేయుడు. నలుగురున్న సంసారమునకు దినమునకు 340 గ్రాములు, నెలకు పది కిలోలు. మీ ఇంట నెలసరుకుల చీటీలో పప్పులన్నియు కలిసి ఎన్ని కిలోలు ఉన్నవో ఈ సాయంకాలము ఒకమారు చూచుకొనుడు. మామయ్య ఇంటి చీటీలో కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు ఒక కిలో. మాంసమునకు పోవు సొమ్ము మిగిలినదని ఆయన సంతోషించినారు గాని, ఆ మిగులులో కొంత పప్పుల డబ్బాలోనికి పోవలసియుండెను.

ఇక రక్తమునకు సంబంధించిన మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో పదునైదు, నలువదితొమ్మిది ఏండ్ల నడుమనున్న స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నది. మాంసములోని ఇనుమును మన శరీరము సులభముగా గ్రహించును. ఆకులలో, గింజలలో ఉన్న ఇనుమును అంత సులభముగా గ్రహింపదు. పులుపులోని సి విటమిను తోడైనచో ఆ గ్రహణము పెరుగును. భోజనముతోనే టీ త్రాగినచో తగ్గును. నిమ్మకంటె ఎన్నో రెట్లు సి విటమిను గల కాయ ఉసిరి. మాంసము మానిన కార్తీకములోనే ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయు ఆచారము మనకు ఉండుట ఎంత చక్కని కలయిక! కాని మనలో పెక్కుమంది ఉసిరి నీడలో కూర్చుండి పులిహోర తిని లేచిపోవుచున్నారు. ఆ కాయ పప్పులో పడవలెను, పచ్చడిగా పళ్లెములోనికి రావలెను.

మరియొక హెచ్చరిక. బి 12 అను విటమిను మొక్కల ఆహారములో లభింపదు. పాలు, పెరుగు పుచ్చుకొనువారికి కొంత లభించును. పాలు, గ్రుడ్లు సైతము మానినవారు వైద్యుని సలహాతో దానిని వేరుగా తీసికొనవలసినదే. శరీరములో పూర్వపు నిలువ కొన్నియేండ్లు కాపాడును గనుక లోటు వెంటనే తెలియదు. అరికాళ్ల తిమ్మిరిగానో, మరపుగానో, ఎడతెగని అలసటగానో ఆలస్యముగా బయటపడును. ముసలివారి విషయములో మరింత జాగ్రత్త అవసరము.

ఇంత జాగ్రత్త పడుచు మారుట ఎందులకని అడుగువారు ఉందురు. అందరును మారితీరవలెనని నేను చెప్పుట లేదు. సముద్రము మీద బ్రతుకు గడపు జాలరి కుటుంబమునకు చేప ఆహారమును, జీవికయు. దానిని చిన్నచూపు చూచు అధికారము ఎవరికిని లేదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2015లో, నిలువచేసి మార్చిన మాంసపదార్థములను కేన్సరు కారకములలోను, మేక, గొఱ్ఱె, పంది, పశుమాంసములను కారకములు కావచ్చునన్న తరగతిలోను చేర్చినది. కొవ్వుతో గుండె బలహీనపడినవారికి వైద్యులు వేటమాంసము తగ్గించుమనుట నిత్యము వినుచున్నాము. జీవహింస మనస్సునకు ఒప్పక మానువారును ఉన్నారు. కారణమేదైనను, దారి ఒక్కటే.

ఆ దారిని నడచిచూపిన వంటయిల్లు ఒకటి చరిత్రలో ఉన్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండల మీద అశోకుని శాసనములు ఉన్నవి. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. వానిలో ఒకదాని యందు ఆ చక్రవర్తి తన పాకశాల సంగతి దాచక చెప్పినాడు. పూర్వము దినదినము లెక్కలేనన్ని ప్రాణులు కూరల కొరకు చంపబడెడివట. శాసనము వ్రాయించునాటికి రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే. ఆ లేడియు నిత్యము కాదు. ఇకమీదట ఆ మూడును ఉండవని ఆయన సంకల్పము. అంతటి చక్రవర్తియు మార్పు ఇంకను పూర్తికాలేదని రాతి మీద ఒప్పుకొన్నాడు. క్రమముగా తగ్గించుటలో సిగ్గుపడవలసినది లేదని నేను గ్రహించినది అక్కడనే.

మామయ్య ఇంట ఆ క్రమమును నిలిపినది అత్తయ్య. వైద్యుని మాట విన్న మరునాటి నుండి ఆమె వంట మొదలుపెట్టు తీరే మారినది. మునుపు ఏ కూర అని ఆలోచించి, వీలైనచో పప్పు వండెడిది. ఇప్పుడు ముందు పప్పు ఏదో నిశ్చయించును. ఒకనాడు తోటకూర పప్పు, ఒకనాడు ఉలవచారు, ఒకనాడు బొబ్బర్ల కూర. ఆదివారమునాడు మామయ్య నాలుక వెనుకటి రుచి కోరునప్పుడు అల్లము, వెల్లుల్లి, మసాలా నూరి పచ్చి పనసకాయయో, సోయాతో చేసిన మీల్‌మేకరో వండును. మనము మాంసపు రుచి అనుకొనునది చాలవరకు ఆ మసాలా రుచియేనని ఆయనయే ఒప్పుకొన్నారు. సాయంకాలము సెనగల గుగ్గిళ్లు, చోడిపిండి రొట్టె, అనకాపల్లి బెల్లముతో నువ్వుల ఉండ. కొన్ని నెలలకు ఆయన స్తంభము పట్టుకొనకయే అరుగు ఎక్కినారు.

ఒకనాడు అత్తయ్య వడ్డించుచు నాతో అన్న మాట నేను మరువలేదు. “కోడి వండిన రోజున ముక్కలకు లెక్కుంటుంది నాయనా. మీ మామయ్యకు ఇన్ని, పిల్లలకు ఇన్ని, వచ్చినవాళ్లకు ఇన్ని. చివర నాకు పులుసు మిగిలేది. పప్పుకు లెక్కేముంది? గరిటె అందరికీ ఒక్కటే.”

ఆ మాట వినునప్పటికి ఆమెకు అరువది ఏండ్లు. ఆ ఏడే ఆమెకును రక్తహీనత ఉన్నదని వైద్యుడు కనుగొని ఇనుపమాత్రలు ఇచ్చినాడు. ఇన్నేండ్లు ఆ ఇంటిని మాంసాహారుల ఇల్లని మేమందరము అనుకొన్నాము. ఆ ఇంట మాంసము తినని మనిషి ఒకరు ఉన్నారని, ఆమె వండునదేనని మాకు తెలియదు.

మార్పు చేయదలచిన గృహస్థులు ఈ సంగతిని మనస్సున ఉంచుకొనవలెను. భర్తకు వైద్యుడు చెప్పినాడని మాంసము మాని, ఆ స్థానమున తెచ్చిన పాలు, పండ్లు, జీడిపప్పు ఆయన ఒక్కనికే పెట్టినచో, వెనుకటి లెక్కయే మరల మొదలగును. కుండలో పప్పు ఎక్కువ వేయుడు. వండిన ఆమె విస్తరిలోనికి అదే గరిటెతో, అదే చిక్కదనముతో, అదే పంక్తిలో వడ్డించుడు.

కార్తీక అమావాస్య మరునాడు పోలిపాడ్యమి. తెల్లవారుజామున అరటిదొప్పలలో దీపములు నీటిలో విడిచి స్త్రీలు ఇండ్లకు వచ్చునప్పటికి ఎలమంచిలి బజారులో మాంసపు దుకాణముల ముందు మరల వరుస నిలుచును. ఆ వరుసలో నిలువవలదని నేను చెప్పను. మామయ్య ఇంటను మనుమలు వచ్చినప్పుడు ఎప్పుడైన చేపలపులుసు కాగుచునే ఉన్నది. కాని సంచి పట్టుకొని బయలుదేరుటకు ముందు, ఈ నెల దినములు మన విస్తరి నడుమ ఏమి కూర్చున్నదని వంటయింటిలోనికి వెళ్లి ఒకమారు అడుగుడు. అడిగినప్పుడు, వండిన ఆమె ఏమి తిన్నదో కూడ అడుగుడు.