పోస్టింగుల పట్టీ నుంచి మొదలెడదాం



అయిదేళ్ల ప్రణాళిక పంపమని విశ్వవిద్యాలయం అడగ్గానే మన స్పీచ్ అండ్ హియరింగ్ క్లినిక్‌లు ముందు రాసేది యంత్రాల జాబితా. కొత్త ఆడియోమీటరు, ఏబీఆర్ పరికరం, ఇంకో సౌండ్‌ప్రూఫ్ గది. వాటికి గ్రాంటు వస్తుంది, ప్రారంభోత్సవానికి వీసీగారూ వస్తారు.  నాకు పెద్ద లోటుగా కనిపించేది పోస్టింగుల పట్టీ, అంటే ఏ విద్యార్థి ఏ కేసును ఎప్పటిదాకా చూడాలో రాసే పట్టిక. దాని ఊసే ప్రణాళికలో ఉండదు.

ఆ పట్టీ ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల కాక్లియర్ ఇంప్లాంటు పేదింటి పిల్లలకూ అందింది. ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ పరికరంతో వినడం, విన్నదాన్ని మాటగా మార్చుకోవడం నేర్పడానికి ఏళ్లు పడుతుంది. మన దగ్గర జరిగేదేమిటి? డిసెంబరు దాకా పాపకు మన విద్యార్థిని ఒకామె, పాప పిలుపులో ఒక అక్క, నేర్పుతుంది. ఆ అక్కకు పరీక్షలు వస్తాయి. జనవరిలో కొత్త అక్క వచ్చి కేస్ హిస్టరీ మళ్లీ మొదటి నుంచి రాసుకుంటుంది. తెల్లవారుజామున మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి వచ్చిన తల్లి అదంతా మళ్లీ చెబుతుంది. పాపకు కొత్త మనిషి చేరువయ్యేసరికి నెల గడిచిపోతుంది. వేసవి సెలవుల గురించి ఇక చెప్పక్కర్లేదు.

విద్యార్థికి రకరకాల కేసులు తగలాలి కదా అంటారు. తగలాలి. నత్తి, పక్షవాతం తర్వాత పోయిన మాట, గొంతు సమస్య, అన్నీ చూడాలి. కానీ ఒక పిల్లను ఏడాది పొడుగునా చూడని వాడికి మాట ఎలా వస్తుందో తెలియదు. అందుకని నా ప్రతిపాదన: మన బీఏఎస్ఎల్‌పీ డిగ్రీ నాలుగేళ్లలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ కాబట్టి, ఇంప్లాంటు పిల్లల్ని ఇంటర్న్‌లకు ఏడాది మొత్తానికీ అప్పగిద్దాం. మిగతా కేసుల్లో విద్యార్థులందరినీ ఒకేసారి మార్చకుండా సగం సగంగా మారుద్దాం. పాతవాళ్లు, కొత్తవాళ్లు రెండు వారాలు కలిసి కూర్చోవాలి. ప్రతి కేసుకూ పర్మినెంట్ ఉద్యోగి ఒకరు బాధ్యులుగా ఉండాలి.

దీనికి డబ్బు కంటే సూపర్‌వైజర్ల గంటలు ఎక్కువ కావాలి. ఉన్న సూపర్‌వైజర్లు వారానికి ఎన్ని సెషన్లు పక్కన కూర్చుని చూడగలరో లెక్క వేసి, అన్ని కేసులే తీసుకుందాం. ఓపీ సంఖ్య తగ్గుతుంది. వార్షిక నివేదికలో అది బాగా కనిపించదని నాకూ తెలుసు. పైవాళ్లు అడుగుతారు కూడా. శిక్షణ మధ్యలో ఆగిపోయిన పిల్లలెందరో అదే నివేదికలో పక్క గడిలో రాద్దాం, అప్పుడు అడగమందాం.

ఇంకొకటి. మన గదుల్లో పాఠం తెలుగులో సాగుతుంది. పాతబస్తీ ఇంట్లో ఉర్దూ, తండాలో లంబాడీ మాట్లాడతారు. రోజంతా పిల్లతో మాట్లాడేది తల్లి. ఆమె భాషలో నేర్పగల విద్యార్థులు మన తరగతుల్లోనే ఉన్నారు. పోస్టింగు వేసేముందు ఎవరికి ఏ భాష వచ్చునో అడిగే అలవాటే మనకు లేదు. వచ్చే సెమిస్టరు పట్టీలో పేరు పక్కన ఆ గడి కూడా పెడదాం.